చక్రాలు దించిన పిల్ల

అచ్చంపేట,
9 నవంబర్ 2025, ఆదివారం.

అక్కకు సతీష్ వందనాలు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఇక్కడ అందరం బాగున్నాం. నాయిన పొద్దున్నే రెండు గ్లాసుల చాయ్ తాగి, నీ మరదలు రేణుక జిరాక్స్ సెంటర్ ముందు కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ ఆధార్ కార్డులో ఫొటో బాగా లేదని చెబుతున్నాడు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. నీ గొంతు వినపడితే చాలు, ఆయన స్పీకర్ పెట్టమంటాడు. పెట్టాక మాట్లాడేదంతా ఆయనే, నేను ఫోన్ పట్టుకుని నిలబడేవాణ్ణి. అందుకే హాస్టళ్ళలో ఉన్నప్పటిలాగా రాస్తున్నా.

విషయం ఏమిటంటే, బ్లూ రన్‌వే మళ్ళీ వచ్చింది.

నువ్వు మరిచిపోయి ఉండవు. వనపర్తి బస్టాండ్ వెనక సామ్యూల్ సార్ కంప్యూటర్ సెంటర్, ఆదివారం ప్రార్థన అయ్యాక హాస్టల్ పిల్లలకని సార్ ఉత్తినే తెరిచే ఆ రెండు గంటలు, ఆ విమానాల ఆట. మనం ఆడింది దాని మూడో భాగం. తర్వాత ఆ కంపెనీ మూతబడింది. ఇరవై రెండేళ్ళకు ఎవరో మళ్ళీ ఆ పేరు తీసుకుని నాలుగోది తెచ్చారు. నేను షాపులో బోరు మోటారుకు వైండింగ్ చేస్తూ ఫోన్‌లో ఆ వార్త చూశాను. ఎన్ని చుట్లు చుట్టానో మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి చుట్టాల్సి వచ్చింది. హైదరాబాద్‌లో తెలిసినవాడి దగ్గర ఒక గట్టి పాత కంప్యూటర్ మాట్లాడి, నాగర్‌కర్నూల్ కొరియర్ ఆఫీసు నుంచి ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చుకున్నా. రేణుక మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మొదలయ్యేటప్పుడు వచ్చే సంగీతం అదే, అక్కా. అదొక్కటే ఆరుసార్లు పెట్టుకుని విన్నాను. విమానం బాగానే లేచింది, పూణె దాకా పోయింది. దింపడం మాత్రం రాలేదు. పదకొండు సార్లు పడేశాను. కారణం చెబితే నవ్వుతావు. నా ఎడమ చేతికి ఏమీ రాదు.

సార్ దగ్గర ఆరు కంప్యూటర్లు, పన్నెండు మంది పిల్లలం. ఒక్కో కుర్చీలో ఇద్దరం, చెరో సగం. కీబోర్డులో కుడి సగం నాది, బాణాల మీటలు. ఎడమ సగం నీది, స్పీడు, రెక్కలు, చక్రాలు. కీబోర్డు ఇద్దరి కోసమే చేస్తారని నేను ఐటీఐకి పోయేదాకా నమ్మాను. అక్కడ ఒకడు ఒక్కడే రెండు చేతులతో ఆడుతుంటే, పాపం వీడికి తోడెవరూ లేరేమో అనుకున్నాను.

నీ సగం నాకు రాసి పంపు. ఏ మీట ఎప్పుడు నొక్కేదానివో, గుర్తున్నంత వరకు.

బావకు నమస్కారాలు, మనీషాకు ముద్దులు.

నీ తమ్ముడు,
సతీష్

•

గద్వాల,
17 నవంబర్ 2025.

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నీకేమైనా జబ్బు చేసిందేమో అని. రెండోసారి అసలు విషయం ఎక్కడ దాచావో అని. ముప్పై అయిదేళ్ళవాడివి, ఇంటికి పెద్దవాడివి, ఒక ఆట కోసం మూడు పేజీలు రాస్తావా? నాయినను నా దగ్గరికి పంపాలని ఉంటే సూటిగా అడుగు. రేణుకకు కష్టంగా ఉంటే ఆ మాట ఆ పిల్లే నాతో చెప్పొచ్చు. సంగీతం, ఆరుసార్లు వినడం ఇవన్నీ అవసరం లేదు.

ఇక నీ ఆట సంగతి. నన్ను అడిగావు చూడు, అందుకు నిన్ను మెచ్చుకోవాలి. పెళ్ళి కానీ, పేరంటం కానీ, నలుగురు కూర్చున్నచోట నాయిన ఏం చెబుతాడో నీకు తెలియదా? "నా బిడ్డ ఇమానం నడిపింది గని, చక్రాలు ఇడుసుడు మర్చింది." అందరూ నవ్వుతారు. నా పెళ్ళిలో మీ బావ వాళ్ళ మేనమామలకు కూడా చెప్పాడు. నేనూ నవ్వుతాను. నవ్వి వంటింట్లోకి పోతాను.

సతీష్, నేను ఇప్పటికీ టీకా సీసా మీద పేరు మూడుసార్లు చదువుతాను. సబ్ సెంటర్లో అందరూ నర్సమ్మకు జాగ్రత్త ఎక్కువ అంటారు. అది జాగ్రత్త కాదు, భయం. ఆ రోజు చక్రాల మీట నొక్కాను అనుకుని నొక్కలేదు. అలాంటిది ఇంకోటి చేస్తానేమో అని.

కాబట్టి చక్రాలు దించడం నన్ను అడగకు. నాకు రాదని ఊరందరికీ తెలుసు.

నిరోష

•

అచ్చంపేట,
24 నవంబర్ 2025.

అక్కకు వందనాలు.

నాయినను ఎక్కడికీ పంపడం లేదు. పంపుదామన్నా ఆయన పోడు, ఇక్కడ ఆధార్ ఫొటోలు ఎవరు చూస్తారు? రేణుక నీ ఉత్తరం చదివి చిన్నబుచ్చుకుంది. నువ్వు ఆమెకు ఒక ఫోన్ చెయ్యి.

నేను అడిగింది నిజంగా ఆట గురించే. పూర్తిగా ఆట గురించే అని కూడా అనలేను. ఆ సంగీతం విన్నప్పటి నుంచి నిద్ర సరిగ్గా లేదు. పాతవన్నీ వరసగా వస్తున్నాయి. ప్రతి ఆదివారం మనం పూణెకే ఎందుకు పోయేవాళ్ళమో గుర్తుందా? అమ్మా నాయినా అక్కడ మట్టిపనిలో ఉన్నారు కాబట్టి. మిగతా పిల్లలు ఢిల్లీకి, లండన్‌కు పోయేవాళ్ళు. సామ్యూల్ సార్ "మీకు వేరే ఊరే లేదారా" అని నవ్వేవాడు. పూణె వచ్చేసరికి నువ్వు స్పీడు తగ్గించేదానివి, నేను ఒక పక్కకు వంచేవాణ్ణి, కింద ఉన్నవి ఉత్త పచ్చ గళ్ళే అయినా ఇద్దరం తెరకు చేతులు ఊపేవాళ్ళం.

ఎండాకాలం అమ్మ వచ్చినప్పుడు ఆ మాట చెప్పాం. అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "సూసిన, మా గుడిసెల మీదికెల్లే పోయిండ్రు కద" అంది. నేను రెండేళ్ళు నమ్మాను. నువ్వు నమ్మలేదని తర్వాత చెప్పావు. అమ్మ ఉంటే ఈ నాలుగోది చూపించేవాణ్ణి. ఇందులో పచ్చ గళ్ళు లేవు, నిజమైన కొండలూ చెరువులూ ఉన్నాయి. మన ఊరు పెద్దమందడి మీదుగా కూడా పోయి వచ్చాను.

నువ్వు ఆ రోజు గురించి రాసింది చదివి నాకు అన్నం సయించలేదు. దాని గురించి తర్వాత రాస్తాను. ముందు నీ సగం రాసి పంపు, నా మాట విను.

సతీష్

•

గద్వాల,
3 డిసెంబర్ 2025.

తమ్ముడూ,

రేణుకతో మాట్లాడాను. తప్పు నాదే అని ఒప్పుకున్నాను. ఇక ఆ పిల్లను ఊరడించే పని నీది.

నువ్వు రాసింది మనీషాకు చదివి వినిపించాను. ఊరుకుంటుందా, తన లాప్‌టాప్‌లో ఆ పాత మూడోదే ఎక్కడి నుంచో పట్టుకొచ్చి పెట్టింది. "ఆడు మమ్మీ" అని కుర్చీ లాగింది. నేను కూర్చున్నాను. కాసేపటికి మనీషా నవ్వడం మొదలుపెట్టింది. చూస్తే నేను కుర్చీకి ఎడమ పక్కన సగంలో ఒదిగి కూర్చున్నాను. కుడి సగం ఖాళీ. నాకు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. అమ్మ తిన్నదా, నాయిన కాలికి దెబ్బ తగ్గిందా అని మాట్లాడుకుంటూ ఇద్దరం ఒక కుర్చీలో అంతసేపు ఎట్లా కూర్చున్నామురా?

నా సగం ఇదిగో. ఊరు కనిపించగానే స్పీడు సగానికి తగ్గించాలి. విమానం మొరాయిస్తున్నట్టు అనిపిస్తే రెక్కలు ఒక మెట్టు దించాలి. రోడ్డు తిన్నగా ఎదురుగా వచ్చాక చక్రాల మీట ఒక్కసారి నొక్కాలి. ఒక్కసారే. రెండోసారి నొక్కితే మళ్ళీ లోపలికి పోతాయి. నా వేళ్ళకు ఇవన్నీ గుర్తున్నాయి, ఆశ్చర్యంగా ఉంది. మనీషా ముందు నాలుగుసార్లు దింపాను. నాలుగుసార్లూ చక్రాలు నొక్కాను. అసలు నొక్కకుండా ఉండడమే నా చేతికి రావడం లేదు.

అందుకే అడుగుతున్నా. ఆ రోజు నువ్వు నా పక్కనే ఉన్నావు. నేను నొక్కలేదా? తెర మీద ఆ మూల చీకటి కాబట్టి చక్రాల పచ్చ లైటు నాకు కనపడేది కాదు. నీకేమైనా కనపడిందా? క్రిస్మస్‌కు అచ్చంపేట వస్తాం. అప్పుడు చెప్పినా సరే.

నిరోష

•

అచ్చంపేట,
10 డిసెంబర్ 2025.

అక్కా,

క్రిస్మస్ దాకా ఆగితే చెప్పలేను. నీ ముఖం చూస్తే అసలే చెప్పలేను.

నువ్వు నొక్కావు. సరైన సమయానికి, ఒక్కసారే నొక్కావు. రెండోసారి నొక్కింది నేను.

ఆ రోజు నీకు గుర్తున్నదే, నాకు గుర్తున్నట్టు రాస్తాను. 2003 ఏప్రిల్. నీ పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. హైదరాబాద్‌లో ఏడాది కంప్యూటర్ కోర్సు, ఉండడం తినడం ఉచితం, వనపర్తి నుంచి ఒక్కరికే సీటు అని సామ్యూల్ సార్ చెప్పాడు. పది పాసయ్యే వాళ్ళు ముగ్గురు. ఎవరిని పంపాలో తెలియక, ఎవరి జత విమానం బాగా దింపితే ఆ జతలో పెద్దవాళ్ళకు సీటు అన్నాడు. మిగతా రెండు జతలూ అప్పటికే పడేశాయి. నాయిన ఆ రోజే పూణె నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

రోడ్డు ఎదురుగా వచ్చింది. నువ్వు మీట నొక్కి, కళ్ళు స్పీడు మీద పెట్టావు. నాకు పన్నెండేళ్ళు. ఈ విమానం దిగితే అక్క హైదరాబాద్ పోతుంది, అమ్మా నాయినా పూణెలో ఉంటారు, నేను ఒక్కణ్ణే హాస్టల్లో ఉంటాను. అంతే ఆలోచించాను. నా చెయ్యి నీ చెయ్యి కిందనుంచి పోయింది. పొట్ట రాసుకుంటూ విమానం ఆగింది. సార్ "అయ్యో నిరోషా, చక్రాలు" అన్నాడు. నేనేమీ అనలేదు.

పోనీ దాని వల్ల నువ్వు నా దగ్గర ఉన్నావా అంటే అదీ లేదు. ఎనిమిది రోజులకు నాయిన నిన్ను పూణె లారీ ఎక్కించాడు. మీ హాస్టల్ వార్డెన్ లలితమ్మ మేడం నిన్ను వెతికి పట్టుకుని నర్సు ట్రైనింగ్‌లో చేర్చేదాకా రెండేళ్ళు మట్టి మోశావు. ఆ రెండేళ్ళు నేను ఒక్కణ్ణే హాస్టల్లో ఉన్నాను. చెప్పాలని నీకు ఎన్నో ఉత్తరాలు మొదలుపెట్టాను. అన్నీ క్షేమసమాచారాలే అయ్యాయి.

క్షమించమని అడగడానికి నోరు రావడం లేదు.

సతీష్

•

గద్వాల,
28 డిసెంబర్ 2025.

సతీష్,

క్రిస్మస్‌కు ఎందుకు రాలేదో రేణుక అడిగితే డ్యూటీ అని చెప్పాను. డ్యూటీ ఏమీ లేదు.

పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి నేను కోప్పడలేను. వాడు నా తమ్ముడు, వాడికి తల దువ్వింది నేను. కోపమంతా ఇరవై ఏళ్ళవాడి మీద. నా పెళ్ళిలో నాయిన ఆ మాట చెబుతుంటే పక్కన నిలబడి నవ్వాడు చూడు, వాడి మీద. ముప్పై ఏళ్ళకు పిల్లల తండ్రయ్యి కూడా నోరు తెరవనివాడి మీద.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. ఎవరికీ చెప్పలేదు. పూణెలో మన గుడిసెలు విమానాలు దిగే దారికి సరిగ్గా కింద ఉండేవి. రోజుకు ఎన్నో పోయేవి, ఇంటికప్పు ఎత్తులో పోయినట్టుండేది. నెత్తి మీద తట్టతో ఆగి పైకి చూసేదాన్ని. ప్రతి దానికీ చక్రాలు దిగి ఉండేవి. ఒక్కటంటే ఒక్కటైనా మరిచిపోయి రాదా అని చూశాను, రెండేళ్ళు. రాలేదు. ప్రపంచంలో అందరికీ గుర్తుంటుంది, నాకొక్కదానికే మతి లేదు అనుకున్నాను. మేస్త్రి కేకేస్తే మళ్ళీ నడిచేదాన్ని. అమ్మ పిలిచి ఏమైందంటే కంట్లో దుమ్ము పడిందన్నాను.

నువ్వు క్షమాపణ అడగలేదు, మంచిది. ఒక్క పని చెయ్యి. ఈ మాట నాకు కాదు, నాయినకు చెప్పు. రేణుక ముందర చెప్పు. ఇకనుంచి ఆ కథ ఆయన నోట రాకూడదు. అది అయ్యేదాకా నాకు ఫోన్ చేయొద్దు.

నిరోష

•

అచ్చంపేట,
4 జనవరి 2026, ఆదివారం.

అక్కకు,

చెప్పాను. ఇవాళ చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, రేణుక ముందర చెప్పాను. నువ్వు పూణెలో విమానాల కింద నిలబడింది కూడా చెప్పాను. చెప్పొచ్చో లేదో నాకు తెలియదు, నోట్లోంచి వచ్చేసింది.

నాయిన నన్ను కొడతాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. ఆయన కంచంలోనే వేలు తిప్పాడు. తర్వాత అన్న మాటలు ఇవి. ఒక్కటీ మార్చకుండా రాస్తున్నా.

"గా పిల్ల గెల్సినా నేను పంపేటోన్ని కాదు. ముగ్గురం వస్తమని మేస్త్రికి అప్పటికే మాటిచ్చిన. గా దినం నేను వచ్చిందే దాన్ని తోల్కపోనీకి. చక్రాలు దిగకపోయేసరికి నాకు నిమ్మళమైంది. ఇగ నా నోటితోని వద్దనే పని లేకపోయె."

రేణుక అడిగింది, మరి అందరికీ అట్లా చెప్పి నవ్వేవాడివి ఎందుకు మామా అని. "దాని తప్పే అని చెప్పుకుంట ఉంటే, నేను చేసింది నాకు యాదికి రాకుండె" అన్నాడు. అని కంచం తీయకుండానే లేచిపోయాడు. సాయంత్రం సెంటర్ ముందు కుర్చీ కూడా వేసుకోలేదు.

ఇది నీకు రాయకూడదేమో అని కూడా అనుకున్నాను. దాచింది చాలని రాస్తున్నా. నేను ఆ మీట నొక్కకపోయినా నువ్వు లారీయే ఎక్కేదానివి. దీనితో నా తప్పు తగ్గిందని నేను అనుకోవడం లేదు. మనం ముగ్గురం కలిసి ఆ రోజును పాడుచేసుకున్నాం అనిపిస్తోంది.

సతీష్

•

గద్వాల,
12 జనవరి 2026.

తమ్ముడికి,

టీకాల రోజు కాబట్టి నీ ఉత్తరం పొద్దున్నుంచి సంచిలోనే ఉంది. చివరి పిల్లవాడి తల్లి పోయాక చదివాను. తర్వాత తలుపు దగ్గరకు వేసి బాగా ఏడ్చాను. మా సెంటర్ ఆయమ్మ జోగులమ్మ భయపడి మీ బావకు ఫోన్ చేసింది.

ముగ్గురం కలిసి పాడుచేశాం అని రాశావు. అది తప్పు. నువ్వు పాడుచేశావు, నాయిన పాడుచేశాడు. నేను పాడుచేయలేదు. నేను స్పీడు తగ్గించాను, రెక్కలు దించాను, చక్రాలు దించాను. నేను చేయాల్సిందంతా చేశాను. సీటు వచ్చేదా రాదా, పోయేదాన్నా పోకపోయేదాన్నా, అది వేరే సంగతి. సీటు పోయినందుకు కాదురా నేను ఇన్నేళ్ళు ఏడ్చింది. నాకు తగదేమో అని ఏడ్చాను. మనీషా ఏదైనా పరీక్షకు కడతానంటే కూడా, మన ఇంట్లో ఆడపిల్లలు చివర్లో మరిచిపోతారేమో అని నాలో నేను అనుకున్నాను. ఇంత పాపపు మాట నా పిల్ల గురించి అనుకున్నాను.

నీ మీద కోపం ఉంది. తగ్గుతుంది, నిన్ను వదిలి ఎక్కడికి పోతాను. నాయిన సంగతే నాకు తెలియడం లేదు. నీకు చెప్పాడు, రేణుకకు చెప్పాడు. నాకు చెప్పలేదు. ఫోన్‌లో వద్దు, ఫోన్‌లో ఆయన వేరే మాటల్లోకి పోతాడు. కాగితం మీద కావాలి. ఆయన చెబితే నువ్వు రాయి. బతిమాలి చెప్పించకు. ఆయన అన్నదాన్ని దిద్దకు. చెప్పకపోతే, చెప్పలేదని రాయి.

నిరోష

•

అచ్చంపేట,
19 జనవరి 2026.

బిడ్డా నిరోషా,

నేను నీ నాయిన కిష్టయ్యను. సతీష్ రాస్తుండు, నేను చెప్తున్న. పూణెల ఉన్నప్పుడు గూడ ఎవరితోనన్న రాయిస్తుంటిని. మేము మంచిగున్నం, మీరు మంచిగుండుండ్రి అని గంతే రాయిస్తుంటి. ఇంకో మాట చెప్పనీకి నోరు రాకపోతుండె. ఇయ్యాల గూడ వస్తలేదు, అయినా చెప్తున్న.

నువ్వు ఎత్తిన తట్టలు నేను చూసిన. నువ్వు పైకి చూసుకుంట నిలవడ్డది గూడ చూసిన. చిన్న పిల్ల, ఇమానాలు చూస్తుంది అనుకున్న. నువ్వు ఏడుస్తున్నవని నాకు తెల్వదు బిడ్డా. అడిగితే తెలుస్తుండె. నేను అడగలె.

సారు నాతోని ముందుగాలనే చెప్పిండు, నీ బిడ్డకు మంచి తెలివి ఉంది, నాకు ఇడిసిపెట్టు అని. నేను ఆలోచన చేస్త అన్న. ఆలోచన చెయ్యలె. మీ అమ్మకు గూడ ఆ మాట చెప్పలె. తెలిస్తే ఆమె నిన్ను పంపుతుండె.

నిన్న చర్చిల ప్రార్థన అయినంక పాస్టరయ్యను ఆగుమని, అందరి ముందట చెప్పిన. ఇన్ని రోజులు మీతోని అబద్ధం చెప్పి నవ్విచ్చిన, నా బిడ్డ చక్రాలు దించింది అని. ఎవ్వరు నవ్వలె.

గా దినం గెల్సింది నువ్వు. నిన్ను పంపంది నేను. పోరడు చేసింది పోరని చేష్ట, నేను చేసింది పెద్దోని చేష్ట. వాని మీద కోపం ఇడువు. నా మీద ఉంచుకో, నేనేం అనను.

శుక్రారం పొద్దుగాల బస్సుకు గద్వాలకొస్తున్న. సతీష్ వద్దు, నేనొక్కన్నే వస్త. నువ్వు తలుపు తీస్తే లోపలికొచ్చి నీ ముందట ఈ మాటే మళ్ళొకపారి చెప్త. తియ్యకపోతే గడపల కూసొని చెప్త.

నీ నాయిన
కిష్టయ్య (వేలిముద్ర)